పాదిరి చదువు: పట్టా ఒకరిది, అభిషేకం మరొకరిది

హుగ్లీ నది ఒడ్డున, కోల్‌కతాకు కొద్ది దూరంలో ఉన్న శ్రీరాంపూర్‌లోని ఒక కళాశాలకు పట్టాలు ప్రదానం చేసే అధికారం 1827లోనే దక్కింది. కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు పుట్టడానికి అప్పటికి ఇంకా ముప్ఫై ఏళ్ల వ్యవధి ఉంది. ఆ అధికారాన్ని ఇచ్చింది ఈస్టిండియా కంపెనీ కాదు, లండన్ ప్రభుత్వమూ కాదు. డెన్మార్క్ రాజు ఆరవ ఫ్రెడరిక్ ఇచ్చాడు. ఈనాడు మన దేశంలోని ప్రధాన ప్రొటెస్టెంటు సంఘాలలో పాదిరి కాదలచిన వ్యక్తి బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, క్లుప్తంగా బి.డి. పూర్తిచేస్తే ఆ పట్టాకు చట్టబద్ధత సమకూర్చే పునాది సుమారు రెండు వందల ఏళ్ల నాటి ఆ రాజపత్రంలోనే ఉంది.

ఈ పాత సంగతికి నేడు ప్రాధాన్యం లేకపోలేదు. తెలుగునాట ఏ పట్టణంలో చూసినా బైబిలు కళాశాలల బోర్డులు కనిపిస్తున్నాయి. కొన్ని ఒకే గదిలో నడుస్తాయి, కొన్నింటికి చిరునామా తపాలా పెట్టె మాత్రమే. అన్నీ ఇచ్చేది ‘డిగ్రీ’యే. క్రైస్తవ పరిచర్యలో స్థిరపడాలన్న ఆశతో గ్రామాల నుంచి వచ్చే యువకులు, వారిని పంపే కుటుంబాలు ఆ బోర్డుల మధ్య తేడాను గుర్తించడం సులభం కాదు. పట్టా ఇచ్చేవారు ఒకరు, గురుపట్టాభిషేకం చేసేవారు మరొకరు, జీతం ఇచ్చేవారు వేరొకరు అన్న సంగతి చాలామందికి చదువు ముగిశాకే తెలిసివస్తుంది.

రాజు ఇచ్చిన పత్రం

శ్రీరాంపూర్‌ను మన క్రైస్తవులు సెరాంపూర్ అని పిలుస్తారు. పద్దెనిమిదవ శతాబ్దంలో అది డెన్మార్క్ వర్తకుల స్థావరం, పేరు ఫ్రెడరిక్స్ నగర్. మతప్రచారకులకు కంపెనీ తన పాలిత ప్రాంతంలో చోటివ్వని రోజుల్లో విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ అనే ముగ్గురు బాప్టిస్టు మిషనరీలు ఆ డేనిష్ పట్టణంలో తలదాచుకున్నారు. ముద్రణాలయం పెట్టి భారతీయ భాషలలో బైబిలును అచ్చువేశారు. తెలుగువారికి ఈ ముద్రణాలయంతో చుట్టరికం ఉంది. విశాఖపట్నంలో పనిచేసిన అగస్టస్ డెగ్రాంజెస్ తెలుగు చేసిన సువార్తలు 1812లో అక్కడే అచ్చయ్యాయి. కేరీ తెలుగు వ్యాకరణం 1814లో, అంటే క్యాంబెల్ వ్యాకరణం కంటే రెండేళ్లు ముందుగా, అక్కడి నుంచే వెలువడింది.

ఈ ముగ్గురూ 1818లో కళాశాలను స్థాపించారు. క్రైస్తవులతో పాటు ఇతరులకూ ప్రాచ్య సాహిత్యం, పాశ్చాత్య విజ్ఞానం బోధించడం దాని ఉద్దేశం. 1827 నాటి రాజపత్రం దానికి కోపెన్‌హాగెన్, కీల్ విశ్వవిద్యాలయాలతో సమానమైన పట్టాల హక్కు కల్పించింది. 1845లో డెన్మార్క్ తన భారతీయ స్థావరాలను పన్నెండున్నర లక్షల రూపాయలకు బ్రిటిష్ వారికి అమ్మివేసినప్పుడు, కళాశాల హక్కులకు భంగం కలగదన్న హామీ ఒప్పందంలోనే చేరింది. ఊరు చేతులు మారినా రాజు మాట చెల్లింది.

విచిత్రమేమంటే, ఆ హక్కును ఎనభై ఎనిమిదేళ్ల పాటు ఎవరూ వినియోగించలేదు. వ్యవస్థాపకులు గతించారు, నిధులు కరవయ్యాయి, కళాశాల కలకత్తా విశ్వవిద్యాలయ పరిధిలోకి వెళ్లింది. ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో ప్రిన్సిపాల్‌గా వచ్చిన జార్జి హోవెల్స్ పాత రాజపత్రానికి ప్రాణం పోశారు. తొలి బి.డి. పట్టాలను 1915లో ప్రదానం చేశారు. 1918లో బెంగాల్ శాసనమండలి సెరాంపూర్ కళాశాల చట్టాన్ని ఆమోదించింది. వేదాంత పట్టాల వ్యవహారం చూసేందుకు వివిధ సంఘాల ప్రతినిధులతో ఒక సెనేట్‌ను ఆ చట్టం ఏర్పరచింది. కళాశాలలోని కళలు, విజ్ఞానశాస్త్రాల విభాగాలు కలకత్తా విశ్వవిద్యాలయం కిందనే కొనసాగగా, దైవశాస్త్రం మాత్రం సెనేట్‌ది.

నేడు ఈ సెనేట్‌కు అనుబంధంగా యాభైకి పైగా కళాశాలలు ఉన్నాయి. బెంగుళూరులోని యునైటెడ్ థియొలాజికల్ కాలేజీ, కోల్‌కతాలోని బిషప్స్ కాలేజీ, చెన్నైలోని గురుకుల్, మదురైలోని తమిళనాడు థియొలాజికల్ సెమినరీ, జబల్‌పూర్‌లోని లియొనార్డ్ కళాశాల వీటిలో పేరుపడినవి. శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోనూ అనుబంధ కళాశాలలు ఉండటం వల్ల దేశ సరిహద్దులు దాటి ఒకే పట్టా చెల్లుబాటు కావడం ఈ వ్యవస్థ ప్రత్యేకత. దేశవిభజన తరువాత పాకిస్తాన్ దీనికి వెలుపల నిలిచింది. అక్కడ 1877లో పుట్టిన గుజ్రన్‌వాలా సెమినరీ తన దారిన తాను నడుస్తున్నది.

తరగతి గదిలో తొలి కుదుపు

బి.డి. చదువు పట్టభద్రులకు నాలుగేళ్లు, ఇంటర్మీడియట్‌తో చేరేవారికి ఐదేళ్లు. తరువాత రెండేళ్ల ఎం.టి.హెచ్., ఆపై డాక్టరేట్. పాత నిబంధన, కొత్త నిబంధన, క్రైస్తవ సిద్ధాంతం, సంఘ చరిత్ర, ఇతర మతాల అధ్యయనం, సామాజిక విశ్లేషణ, స్త్రీ అధ్యయనం, ప్రసంగ కళ, కౌన్సెలింగ్ అన్నీ ఇందులో ఉంటాయి. హీబ్రూ, గ్రీకు భాషలతో పరిచయం కలిగిస్తారు. ఆదివారాలలో విద్యార్థిని ఏదో ఒక సంఘానికి పంపి, ప్రసంగించడం, రోగులను పరామర్శించడం, సండే స్కూలు నడపడం చేయిస్తారు.

స్థూలంగా ఈ చదువుకు రెండు పాయలు. బైబిలు అధ్యయనం అనేది గ్రంథాన్ని గ్రంథంగా చూసే శాస్త్రం. ఏ భాగం ఏ కాలంలో, ఎవరి కోసం, ఏ పరిస్థితులలో రూపుదిద్దుకొన్నదో పరిశోధిస్తుంది. పరిచర్య అనేది వృత్తివిద్య. పెళ్లి జరిపించడం, శవసంస్కారం, తగాదా తీర్చడం, లెక్కల పుస్తకం రాయడం దాని పరిధి. ఊరిలో పాదిరికి రెండవదే నిత్యావసరం. పరీక్షలలో బరువు మాత్రం మొదటిదాని పక్షానే ఉంటుంది.

మొదటి పాయలోనే విద్యార్థికి తొలి కుదుపు ఎదురవుతుంది. పంచకాండాలను మోషే స్వయంగా రాశాడని తాతల నాటి నుంచి వింటూ వచ్చిన యువకుడికి, అవి వేర్వేరు కాలాల సంప్రదాయాల కూర్పు అని అధ్యాపకుడు బోర్డు మీద రాసి చూపుతాడు. కొందరు దీనిని జీర్ణించుకుంటారు. కొందరు పరీక్ష కోసం చదివి, ఊరికి వెళ్లి పాత పద్ధతినే బోధిస్తారు. ఇంకొందరు ఈ చదువు విశ్వాసాన్ని చెరుపుతుందని నమ్మి వేరు దారి చూసుకున్నారు. ఆ ధోరణిలోనే 1953లో యవత్మాల్‌లో యూనియన్ బిబ్లికల్ సెమినరీ వెలిసి, 1983లో పూణెకు తరలింది. ఆ వర్గపు కళాశాలల ప్రమాణాలను పరిశీలించి గుర్తింపు ఇచ్చేందుకు 1970లో ఆసియా థియొలాజికల్ అసోసియేషన్ ఏర్పడింది. ఈ కళాశాలలలో బి.డి.కి సాటిగా మూడేళ్ల ఎం.డివ్. ప్రసిద్ధం. అయితే ఆ అసోసియేషన్ చేసేది మదింపు మాత్రమే, విశ్వవిద్యాలయ హోదా దానికి లేదు. పూణె సెమినరీ సైతం తరువాత సెరాంపూర్ సెనేట్ అనుబంధం తీసుకోవడం గమనార్హం. సిద్ధాంత విభేదాల కంటే చట్టబద్ధమైన ముద్రకు ఆకర్షణ ఎక్కువని దీనిని బట్టి ఊహించవచ్చు.

రెండవ కుదుపు వేరే దిశ నుంచి వచ్చింది. 1980 దశకం ఆరంభంలో మహారాష్ట్రకు చెందిన అరవింద్ నిర్మల్ అనే వేదాంతి ఒక ప్రశ్న లేవదీశారు. భారతీయ క్రైస్తవ వేదాంతం పేరుతో అంతవరకు వెలువడిన రచనలన్నీ ఉపనిషత్తులతో, అద్వైతంతో సంవాదం చేశాయి. సంఘాలలో అత్యధికులైన దళితుల అనుభవానికి అందులో చోటేది అన్నదే ఆ ప్రశ్న. దానినుంచి దళిత వేదాంతం అనే శాఖ పుట్టింది. ఆయనే తరువాత మద్రాసు గురుకుల్‌లో ఆ విభాగానికి సారథ్యం వహించారు. విదేశాల సెమినరీలలో సైతం నేడు పాఠ్యాంశమైన ఈ శాఖ మన దేశపు తరగతి గదుల సొంత పంట. తెలుగు విద్యార్థులకు ఇది పుస్తకాల విషయం మాత్రమే కాదు, ఇంటి సంగతి.

రామాయపట్నం నుంచి టాంక్‌బండ్ వరకు

తెలుగునాట పాదిరి చదువు అవసరంలో నుంచి పుట్టింది. ఒంగోలు ప్రాంతంలో సంఘానికి నాంది పలికినవారిలో ముఖ్యుడు ఎర్రగుంట్ల పేరయ్య, తోళ్ల వ్యాపారి. 1866లో బాప్తిస్మం పొందిన ఆయన ఏ పట్టా లేకుండానే ఊరూరా తిరిగి బోధించాడు. 1876-78 నాటి మహా కరవు తరువాత పరిస్థితి మారిపోయింది. కరవు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని వేలాదిమందికి కూలి కల్పించిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ, 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మాలు జరిపించాడు. వందల పల్లెలలో కొత్త సంఘాలు, వాటికి బోధకులు లేరు. అప్పటికే రామాయపట్నంలో ఉన్న బాప్టిస్టు సెమినరీ మీద ఆ భారం పడింది. అక్షరాలు నేర్పి, వెంటనే బైబిలు నేర్పి పంపవలసిన స్థితి అది.

ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ వి.ఎస్. అజరయ్య 1912 నుంచి దోర్నకల్‌లో పనిచేశారు. పల్లె ఉపదేశుల శిక్షణ కోసం ఆయన అక్కడ నడిపిన పాఠశాలలో భర్తలతో పాటు భార్యలకూ చదువు చెప్పేవారు. పల్లెలో పాదిరి ఇల్లే బడి, ఆసుపత్రి, పంచాయతీ అని ఆయనకు తెలుసు. ఇంతటి వ్యక్తి మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివినా అనారోగ్యం వల్ల చివరి పరీక్ష రాయలేక, డిగ్రీ లేకుండానే బయటికి వచ్చినవాడు. డాక్టరు బిరుదు కోసం నేడు జరుగుతున్న పరుగును చూస్తే ఆ సంగతి జ్ఞాపకం రాక మానదు.

లూథరన్, బాప్టిస్టు, దక్షిణ ఇండియా సంఘాల వేర్వేరు సెమినరీల బోధనను ఒక్కచోట చేర్చి 1964లో రాజమండ్రి లూథర్‌గిరిలో ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీని నెలకొల్పారు. తరువాతి దశాబ్దంలో అది హైదరాబాద్‌కు, దిగువ టాంక్‌బండ్ ప్రాంతానికి తరలింది. సెనేట్ అనుబంధంతో రెండు తెలుగు రాష్ట్రాలకూ పెద్ద దిక్కు అదే.

ఈ తరలింపుతో పాటు మరో మార్పూ వచ్చింది. పాత సెమినరీల బోధన తెలుగులో సాగేది. బి.డి. ఇంగ్లీషు చదువు. పల్లె నుంచి వచ్చిన విద్యార్థి ఒకేసారి ఇంగ్లీషు, గ్రీకు, హీబ్రూ అనే మూడు పరాయి భాషలతో కుస్తీ పట్టాలి. చదివిన దానిని ఆదివారం నాడు పల్లె జనానికి తెలుగులో చెప్పాలి. ప్రాంతీయ భాషలలో చదవదగిన బి.టి.హెచ్. అనే తక్కువ స్థాయి పట్టా ఉన్నా, పై చదువుకూ హోదాకూ బి.డి.యే మెట్టు. శ్రీలంకలో పిలిమతలావ వద్ద 1963లో నెలకొన్న థియొలాజికల్ కాలేజ్ ఆఫ్ లంక సింహళ, తమిళ భాషలలో బోధన సాగిస్తున్నది. మనవాళ్లు ఆ దారి వైపు ఎందుకు చూడరో అర్థం కాదు. తెలుగులో ఉన్నత స్థాయి వేదాంత గ్రంథాలు లేవన్నది సాధారణంగా వినిపించే సమాధానం. బోధన లేనిదే గ్రంథాలు ఎలా వస్తాయి?

కాథలిక్కుల బాట పూర్తిగా వేరు. వారి పట్టాలకు అధికారం రోమ్ నుంచి వస్తుంది. 1893లో సిలోన్‌లోని కాండీలో ప్రారంభమై 1955లో పూణెకు మారిన పేపల్ సెమినరీ, దానితో ముడిపడిన జ్ఞానదీప విద్యాపీఠం ఈ కోవలో ప్రధానమైనవి. తెలుగు ప్రాంతానికి హైదరాబాద్ రామంతపూర్‌లోని సెయింట్ జాన్స్ సెమినరీ ఉంది. అక్కడ విద్యార్థిని పంపేది మేత్రాసనమే, చదివించేదీ పోషించేదీ అదే. కనుక పట్టా చేతపట్టుకొని పని వెదుక్కొనే సమస్య వారికి అంతగా లేదు. బదులుగా జీవితాంతం బ్రహ్మచర్యం.

జరిమానా వెయ్యి రూపాయలు

పై మూడు బాటలలో దేనికీ చెందని సంస్థలతోనే చిక్కు. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం చట్టం, 1956లోని 22వ సెక్షన్ ప్రకారం కేంద్ర, రాష్ట్ర లేదా పూర్వపు ప్రొవిన్షియల్ చట్టాల ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయాలు, ఆ హోదా పొందిన సంస్థలు, పార్లమెంటు చట్టం ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలు తప్ప మరెవ్వరూ డిగ్రీలు ఇవ్వరాదు. గ్రాంట్ల సంఘం 2023లో ప్రకటించిన నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ నుంచి రెండు పేర్లున్నాయి. గుంటూరు చిరునామాతో ఉన్నదాని పేరులో క్రీస్తు కొత్త నిబంధన, విశాఖపట్నం చిరునామాతో ఉన్నదాని పేరులో బైబిలు కనిపిస్తాయి. రాష్ట్రం వాటా రెండూ క్రైస్తవ నామధేయాలే కావడం యాదృచ్ఛికం అనుకోలేం. ఈ పట్టాలకు గిరాకీ ఎక్కడుందో జాబితాయే చెబుతున్నది. ఇక 22వ సెక్షన్‌ను ఉల్లంఘించినవారికి ఆ చట్టం విధించిన శిక్ష గరిష్ఠంగా వెయ్యి రూపాయల జరిమానా. విద్యార్థి కట్టే ఒక నెల భోజన రుసుం కూడా అంతకన్నా ఎక్కువే.

బైబిలు శిక్షణ ఇవ్వడం నేరం కాదన్నది ఇక్కడ స్పష్టం చేయాలి. సంఘం తన బోధకులకు తన పద్ధతిలో తర్ఫీదు ఇచ్చి ధ్రువపత్రం ఇవ్వవచ్చు. ఆ పత్రాన్ని డిగ్రీ అని, డాక్టరేట్ అని పిలవడంతోనే పేచీ. ఊరేగింపు ఫ్లెక్సీల మీద పాస్టరు పేరుకు ముందు ‘డాక్టర్’ కనిపించడం ఇప్పుడు సర్వసాధారణం. వాటిలో ఎన్ని పరిశోధనతో సంపాదించినవో, ఎన్ని రుసుం చెల్లించి గౌరవపూర్వకంగా పొందినవో చూసేవారికి తెలిసే మార్గం లేదు. నిజంగా క్రైస్తవ మతంపై పరిశోధన చేయదలచినవారికి మైసూరు, మద్రాసు విశ్వవిద్యాలయాలలో అందుకు విభాగాలున్నాయి. ఆ దారి పొడుగైనది. దానికి ఫ్లెక్సీ వేయించేంత తొందర ఉండదు.

సక్రమమైన పట్టా ఉన్నా అది సంఘం తలుపు దగ్గర ఆగిపోవచ్చు. అభిషేకం చేయడం, గురుత్వం అప్పగించడం ఆయా సంఘాల విచక్షణ. సంఘం సిఫారసుతో వచ్చిన విద్యార్థికి చదువయ్యాక పని దొరికే అవకాశం ఎక్కువ. సొంత ఖర్చుతో చేరిన విద్యార్థికి అటువంటి భరోసా లేదు. వేదాంతపు డిగ్రీని ఇతర ఉద్యోగాలకు సాధారణ డిగ్రీతో సమానంగా ఎంచుతారా అంటే అది ఒక్కొక్క నోటిఫికేషన్‌ను బట్టి ఉంటుంది. భారత సైన్యంలో పాద్రీ ఉద్యోగం ఉంది. దానికి అడిగేది ఏదైనా ఒక డిగ్రీ, దానితో పాటు తగిన మతాధికారి చేసిన అభిషేకం. కేవలం బైబిలు పాండిత్యం అక్కడికి చాలదు.

దళిత విద్యార్థి చెల్లించే మూల్యం మరొకటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా తొలుత హిందువులకే పరిమితం. తరువాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవ దళితులు తెలుగునాట బీసీ-సీ వర్గంలో, ఒక్క శాతం రిజర్వేషన్ కిందికి వస్తారు. ఆచరణలో క్రైస్తవులుగా ఉంటూ కాగితాల మీద పాత హోదాతోనే కొనసాగే కుటుంబాలు లేకపోలేదు. పేరుకు ముందు ‘రెవరెండ్’ చేరిన వ్యక్తికి ఆ వెసులుబాటు ఉండదు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఏళ్లుగా పాస్టరుగా పనిచేస్తున్న ఒక వ్యక్తి పెట్టిన కేసులో, క్రైస్తవం స్వీకరించినవారు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కోరజాలరని తీర్పు ఇచ్చింది. కులం పేరుతో తిట్టినవాడికి ఆ తేడా తెలియకపోయినా, చట్టానికి తెలుసు. బి.డి. చేరే ముందు ఈ లెక్క కూడా ఇంట్లో జరుగుతున్నది.

స్త్రీల విషయంలో పట్టాకూ అభిషేకానికీ మధ్య దూరం మరింత స్పష్టం. సెనేట్ అనుబంధ కళాశాలలలో స్త్రీలు, పురుషులు ఒకే తరగతిలో కూర్చొని ఒకే పరీక్ష రాస్తున్నారు. దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్‌గా 2013లో నంద్యాల డయోసిస్‌కు ఎగ్గోని పుష్పలలిత నియమితులయ్యారు. కర్నూలు జిల్లా పల్లెలలో పాదిరిగా పనిచేసి ఆ స్థానానికి వచ్చిన తెలుగు మహిళ ఆమె. స్త్రీలకు అభిషేకం ఇవ్వని సంఘాలు ఇప్పటికీ అనేకం. అటువంటి సంఘం నుంచి వచ్చిన విద్యార్థిని పట్టా పుచ్చుకొని తిరిగి వెళ్తే ఆమె కోసం ఎదురుచూసేది సండే స్కూలు, హాస్టలు వార్డెను పని, లేదా తోటి విద్యార్థి అయిన భర్త ప్రసంగానికి నోట్సు తయారుచేసే బాధ్యత.